పెరటి కొలనులో ఈత బాగుంటుందా అంటే

"పెరట్లో క్లోరిన్ లేని సహజ కొలను తవ్వించుకుందామని ఉంది. నిజంగా ఈదడానికి బాగుంటుందా, రెండేళ్లకే పాచి గుంటగా మిగులుతుందా?" అని అడిగారు.

బాగుంటుంది. పాచి గుంట కూడా అవుతుంది. మా ఇంట్లో రెండూ చూశాం.

మాది కట్టి ఇది అయిదో ఏడు. కొలనులో సగం ఈతకి, సగం మొక్కలకి. ఈదే వైపు రెండు మీటర్ల లోతు. మొక్కల వైపు మోకాలి లోతు కూడా ఉండదు, మట్టి వెయ్యలేదు, ఉత్త గులకరాళ్లే. వాటిలో తుంగ, జమ్ము, కలువలు. తవ్వించేటప్పుడు నేనూ బేరమాడాను, మొక్కలకి అంత చోటెందుకు, పావు వంతు చాలదా అని. చాలదు. నీళ్లని శుభ్రం చేసేది ఆ సగమే. రాళ్లకి పట్టిన జిగురు పొరలోని బ్యాక్టీరియా మన ఒంటి మురికిని విరగ్గొడుతుంది, మిగిలినదాన్ని వేళ్లు పీల్చుకుంటాయి. పంపు చేసే పనల్లా నీళ్లని ఆ రాళ్ల మధ్య నుంచి తిప్పడం. ఇదేదో కొత్త పిచ్చి అనేవాళ్లుంటారు. ఆస్ట్రియాలో 1980ల నుంచీ కడుతున్నారు.

రెండో ఏడు అమ్మ గులాబీ పాదుల్లో దోసిళ్లతో ఎరువు వేసింది. పాదులు కొలనుకి ఎగువన ఉన్నాయి. ఆ రాత్రే కుండపోత వాన. నాలుగు రోజులకి నీళ్లు పచ్చబడ్డాయి. వారం తిరిగేసరికి చెయ్యి మోచేతి దాకా ముంచితే నా వేళ్లు నాకే కనపడలేదు. ఎరువు సంగతి ఎవరికీ తట్టలేదు. నేను పంపుని అనుమానించాను, బావ మొక్కల్ని అనుమానించాడు, పిల్లలు ఒకళ్లనొకళ్లు అనుమానించుకున్నారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

బావ వెళ్లి క్లోరిన్ డబ్బా తెచ్చాడు. అది పోస్తే రాళ్ల మీది బ్యాక్టీరియా కూడా చస్తుందని మా ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. తవ్విన కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, నీళ్లు తిరిగే పైపులో పెట్టే అల్ట్రావయొలెట్ లైటు అంటగట్టబోయాడు. తేలే నాచు దాంతో చస్తుంది, నిజమే. ఆ నాచుని తినే నీటి ఈగలు, అంటే నీళ్లలో గెంతే డాఫ్నియా అనే బుల్లి జీవులు కూడా ఆ పైపులో పడితే చస్తాయి. అసలు ఇంత నాచుకి తిండి ఎక్కణ్నుంచి వచ్చిందని ఆ మనిషి ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఎవరిని కదిపినా ఏదో ఒకటి అమ్మేవాళ్లే.

చివరికి ఖాళీ ఎరువు సంచి చూసి పట్టుకుంది మా ఆవిడే. ఎరువులోని భాస్వరమే నాచుకి తిండి అయింది. పాదులకీ కొలనుకీ మధ్య చిన్న కాలువ తీసి వాన నీళ్లని పక్కకి మళ్లించాం. చేతికందిన నాచుని తీసి దూరంగా పారేశాం, గట్టున పోస్తే మళ్లీ వానకి లోపలికే వస్తుంది. తర్వాత చెయ్యగలిగింది ఊరుకోవడమే, అది నాకు చేతకాదు. రోజూ పొద్దున్నే ఒక గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకి పట్టి చూసేవాణ్ని. మూడు వారాల తర్వాత గ్లాసులో ఆవగింజ కంటే చిన్న చుక్కలు గెంతుతూ కనపడ్డాయి. నీటి ఈగలు! ఇంకో పది రోజులకి రెండు మీటర్ల అడుగున, ఎప్పుడో పోయిన స్కూటర్ తాళంచెవి మెరిసింది. అప్పటికే తాళం మార్పించేశాం.

ఆ రోజు దిగాను. కళ్లు మండలేదు, జుట్టు పీచులా అవలేదు. పైన నీళ్లు ఎండకి గోరువెచ్చగా ఉంటాయి, కాళ్లు కిందికి వదిలితే చల్లటి పొర తగులుతుంది. కదలకుండా తేలితే తూనీగ వచ్చి నెత్తి మీద వాలుతుంది. మెట్లు మాత్రం కాస్త జారతాయి, తోముతూ ఉండాలి.

చుట్టాలతో ఇంకో తంటా. ప్లాస్టిక్ కవర్లో బంగారు చేపలు పట్టుకొస్తారు, "ఇంత కొలను పెట్టుకుని చేపల్లేకపోతే ఎలా" అంటూ. చేపలు నీటి ఈగల్ని తింటాయి, వాటి మలం నాచుకి తిండి. ఒక్క చేప కూడా వద్దు. దోమల గురించి టెన్షన్ పడకండి, నీళ్లు కదులుతుంటాయి, దోమ పిల్లల్ని తూనీగ పిల్లలు మింగేస్తాయి. కప్పలు వస్తాయి. వాటి కోసం ఓసారి నీటిపాము కూడా వచ్చింది, దానంతటదే పోయింది. విరేచనాలున్నవాళ్లని మాత్రం దించకండి, చంపే మందేదీ ఆ నీళ్లలో లేదు. చిన్నపిల్లలుంటే ముందు కంచె, తర్వాతే నీళ్లు.

చోటు తక్కువైతే ఈత భాగం తగ్గించుకోండి, మొక్కల భాగం జోలికి వెళ్లకండి. మా అమ్మకి ఈత రాదు. సాయంత్రమైతే ఆ మోకాలి లోతు వైపే కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది, పక్కన వలకర్ర. ఆకు ఒక్కటి రాలినా ఊరుకోదు. ఎరువు మాట ఎత్తితే మాత్రం, ఆ ఏడాది గులాబీలు ఎంత విరగబూశాయో చెబుతుంది.