ఓన్సెన్ ర్యోకాన్‌లో బస: అడగండి, చెబుతాం

జపాన్‌లో వేడినీటి ఊటను ఓన్సెన్ అంటారు. ఆ నీళ్ళ దగ్గర కట్టిన సంప్రదాయ సత్రం ఓన్సెన్ ర్యోకాన్. అక్కడ ఒక రాత్రి గడపబోయే పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: హకోనెలో ఒక రాత్రికి 22,000 యెన్లని చూసి బుక్ చేయబోయాం. చివరికి వచ్చేసరికి 44,000 చూపిస్తోంది. మేమిద్దరమే. ఇది మోసమా?

జవాబు: మోసం కాదు. ర్యోకాన్‌లో ధర సాధారణంగా గదికి కాదు, తలకి. అందులో రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిసే ఉంటాయి. ఈ పద్ధతిని ‘ఇప్పకు నిషోకు’ అంటారు. అంటే ఒక రాత్రి, రెండు పూటల తిండి. ‘సుదోమరి’ అని ఉంటే తిండి లేకుండా గది మాత్రమే. శనివారాలు, సెలవుకి ముందు రాత్రులు, కొత్త సంవత్సరం రోజులు, ఆగస్టులో ఒబోన్ పండగ రోజులు ధర పెరుగుతుంది. ఒక్కరే వెళ్తే శనివారాలు గది ఇవ్వని సత్రాలు చాలా ఉన్నాయి. ఒంటరి ప్రయాణమైతే వారం మధ్యలో చూసుకోండి.

బిల్లులో ‘న్యూతోజెయి’ అని ఇంకో చిన్న మొత్తం కనిపిస్తుంది. అది స్నానపు పన్ను. మనిషికి రోజుకి 150 యెన్లు మామూలు రేటు, కొన్ని ఊళ్ళలో ఇంకా ఎక్కువ. చాలాచోట్ల దీన్ని విడిగా అక్కడే కట్టాలి, కాబట్టి చేతిలో కాస్త నగదు ఉంచుకోండి. జపాన్‌లో చిరునామా లేని విదేశీయులు పాస్‌పోర్టు చూపాలి. దాని నకలు తీసుకుంటారు, అది అక్కడి నిబంధనే.

ప్రశ్న: రైలు మారడంలో ఆలస్యమై రాత్రి ఎనిమిదింటికి చేరాం. భోజనం వేళ అయిపోయిందన్నారు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. ఇదేం న్యాయం?

జవాబు: ఆకలితో పడుకోవాల్సి రావడం బాధే. అయితే ఆ వంటగది రెస్టారెంటులా నడవదు. ఎంతమంది వస్తారో, ఎన్నింటికి తింటారో చూసుకుని ఆ లెక్కకే సరుకు తెస్తారు. పది పన్నెండు చిన్న వంటకాలను ఒకదాని తర్వాత ఒకటి వేళకి వడ్డిస్తారు. భోజనం ఆరుకో ఆరున్నరకో మొదలవుతుంది. ఏడు, ఏడున్నర దాటాక కూర్చోబెట్టే చోట్లు తక్కువ. మీరు తింటున్నప్పుడే ఇంకొకరు మీ గదిలో పరుపులు పరుస్తారు. అంటే మీ భోజనం ఆలస్యమైతే ఇంతమంది పని ఆగిపోతుంది.

గది మూడింటికి ఇస్తారు. నాలుగుకల్లా చేరితే భోజనానికి ముందు ఒకసారి తీరిగ్గా స్నానం చేయొచ్చు. మరునాడు పదికో పదకొండుకో ఖాళీ చేయాలి. నాలుగుకి వెళ్ళినవాళ్ళకీ ఏడుకి వెళ్ళినవాళ్ళకీ ఒకటే ధర. ఆ మూడు గంటలు పోగొట్టుకోకండి. ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేయండి. ఐదింటికి చెబితే వేళ సర్దగలరు, ఎనిమిదింటికి గుమ్మంలో చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. మొదటి నుంచీ రాత్రికే చేరేట్టుంటే ఫలహారం మాత్రం ఉన్న ప్లాన్ తీసుకోండి.

పెద్ద పెట్టెలతో కొండదారి రైళ్ళు మారడం కూడా ఆలస్యానికి ఒక కారణం. ‘తక్యూబిన్’ అనే సామాను పంపే సేవ ఉంది. టోక్యోలో మీ హోటల్ రిసెప్షన్‌లో పెట్టె ఇచ్చి, ర్యోకాన్ చిరునామా, బుకింగ్ మీదున్న పేరు, మీరు చేరే తేదీ రాయించండి. సాధారణంగా మరునాటికి చేరుతుంది. ఒక రాత్రికి కావాల్సినవి చేతిసంచిలో ఉంచుకోండి.

ప్రశ్న: నలుగురిలో బట్టల్లేకుండా స్నానం అంటే భయంగా ఉంది. స్విమ్‌సూట్ వేసుకుంటే ఏమవుతుంది? అసలు లోపల ఏం చేయాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: వేసుకోనివ్వరు. బట్టలో మిగిలిన సబ్బు, మురికి అందరూ కూర్చునే నీళ్ళలో కలుస్తాయి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు గదులుంటాయి. ఎవరూ ఎవరినీ చూస్తూ ఉండరు. అయినా ఇబ్బందిగా ఉంటే ‘కషికిరి’ స్నానపు గది అడగండి. నలభై ఐదు, యాభై నిమిషాలపాటు అది మీ ఒక్కరికే, లేదా మీ కుటుంబానికే. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల అద్దె. వేళలు త్వరగా నిండిపోతాయి, అందుకే గదిలో అడుగుపెట్టేముందే రిసెప్షన్‌లో రాయించుకోండి. పెద్ద స్నానశాలలోనూ అందరూ భోంచేస్తున్నప్పుడు మనుషులు పలచగా ఉంటారు.

గుమ్మానికి గుడ్డ తెర వేలాడుతుంది. ఎరుపు ఆడవాళ్ళది, నీలం మగవాళ్ళది. చాలా సత్రాల్లో రాత్రికో తెల్లవారాకో ఈ రెండు తెరలూ మారుస్తారు, రెండు గదుల అందమూ అందరికీ దక్కాలని. నిన్న వెళ్ళిన తలుపే కదా అని పొద్దున్నే నిద్రమత్తులో దూరిపోకండి. తెర చూడండి.

లోపల బుట్టలో బట్టలు, పెద్ద తువ్వాలు పెట్టేయండి. చేతి తువ్వాలు ఒక్కటే వెంట వస్తుంది. ఫోన్ వద్దు, స్నానశాలలో ఫొటోలు నిషేధం. ముందు చెంబుతో వేడినీళ్ళు పాదాల నుంచి మొదలుపెట్టి పైకి పోసుకోండి. దీన్ని ‘కకెయు’ అంటారు, ఒంటికి వేడి అలవాటు చేయడానికి. తర్వాత కుళాయి ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా రుద్దుకోవాలి. నిలబడి చేస్తే నురగ పక్కవాళ్ళ మీద పడుతుంది. మనవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: తలకి కొబ్బరినూనె రాసుకుని ఉంటే షాంపూతో పూర్తిగా వదిలించుకోండి. ఆ నూనె నీటి మీద తెట్టులా తేలుతుంది. సబ్బు ఒక్క చుక్క కూడా మిగలకుండా కడుక్కుని, పీటనీ కడిగి పెట్టి, జుట్టు పైకి ముడి వేసుకుని అప్పుడు తొట్టిలోకి దిగాలి. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. మడిచి నెత్తిమీద పెట్టుకుంటారు, లేదా గట్టు మీద ఉంచుతారు.

నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీల దాకా ఉంటాయి, కొన్నిచోట్ల ఇంకా వేడి. నీరు పడే ధార దగ్గర ఎక్కువ కాలుతుంది, దూరంగా ఉన్న మూల దిగండి. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. గట్టు మీద కాసేపు కూర్చుని మళ్ళీ దిగండి. ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, గట్టు పట్టుకుని మెల్లగా లేవండి. బయటికి వచ్చేముందు అక్కడే తువ్వాలు పిండి ఒళ్ళు తుడుచుకోండి. బట్టలు మార్చుకునే గది నేల తడపడం పెద్ద తప్పు. తర్వాత మంచినీళ్ళు తాగండి.

ప్రశ్న: మంగళసూత్రం, వెండి పట్టీలు తీయాలా?

జవాబు: గంధకపు ఊటైతే తప్పకుండా తీయండి. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్. వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ ఏర్పడి నిమిషాల్లోనే నల్లబడుతుంది. స్వచ్ఛమైన బంగారానికి ఏమీ కాదు. మన నగల బంగారంలో రాగి, వెండి కలిసి ఉంటాయి కాబట్టి రంగు మారవచ్చు. గదిలో చిన్న సేఫ్ ఉంటే అందులో పెట్టండి. సూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు ‘తన్జున్ ఓన్సెన్’ రకం నీళ్ళున్న ఊరు ఎంచుకోవడం మేలు. ఇందులో ఖనిజాలు తక్కువ. గొలుసు తీయనవసరం లేకపోవచ్చు, అయినా పేరుతోపాటు గంధకం ప్రస్తావన ఉందేమో చూసుకోండి.

ఏ రకం నీళ్ళో తెలుసుకోవడం కష్టం కాదు. నీటిలో ఏమున్నాయి, ఎవరు దిగకూడదు అనేవి స్నానశాలలో కనిపించేలా రాసిపెట్టాలని చట్టం. 1948 నాటి ఓన్సెన్ చట్టం ప్రకారం ఊట దగ్గర నీరు 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా పేర్కొన్న 19 పదార్థాల్లో ఒక్కటైనా చెప్పిన మోతాదులో ఉండాలి. అంటే చల్లటి నీరు కూడా ఓన్సెన్ కావచ్చు, దాన్ని కాచి తొట్టిలోకి వదులుతారు. ‘గెన్సెన్ కకెనగషి’ అని రాసి ఉంటే ఊటనీరు నిరంతరం వచ్చి పొర్లిపోతుందని అర్థం. తిప్పి తిప్పి వాడటం ఉండదు. రెండు సత్రాల మధ్య తేల్చుకోలేకపోతే ఈ మాట ఉన్నదే తీసుకోండి.

ఒక్కో ఊరి నీళ్ళది ఒక్కో గుణం. కుసత్సులో నీరు నిమ్మరసం అంత పుల్లటిది, పీహెచ్ సుమారు 2. కంట్లో పడితే మండుతుంది. చన్నీళ్ళు కలిపితే గుణం పలచబడుతుందని పొడవాటి చెక్కలతో తిరగేసి చల్లార్చే పద్ధతి అక్కడిది, దాన్ని ‘యుమొమి’ అంటారు. అరిమలో ‘బంగారు ఊట’ ఇనుముతో తుప్పురంగులో ఉంటుంది. తెల్ల తువ్వాలు తీసుకెళ్తే మరక పోదు. మత్సుయమలోని దోగో నీరు క్షారగుణం కలది, చర్మం జారుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడి స్నానశాల భవనం 1894లో కట్టినది. ఖనిజాలు ఒంటికి పట్టాలని చివర్లో మంచినీళ్ళు పోసుకోరు. అయితే చర్మం సున్నితమైనవాళ్ళు పుల్లటి, గంధకపు నీళ్ళ తర్వాత కడుక్కోవడమే మంచిది.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. గుడ్డు కూడా తినం. బుకింగ్‌లో ‘వెజిటేరియన్’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అక్కడ చాలామందికి ఆ మాటకి అర్థం మాంసం తినరని మాత్రమే. చేప పెడతారు. చేప ముక్క కనిపిస్తే పక్కన పెట్టొచ్చు, కనిపించనిదే అసలు చిక్కు. దాని పేరు ‘దాషి’. ఎండబెట్టి గట్టిపరిచిన చేపను పల్చగా చెక్కి, సముద్రపు నాచుతో కలిపి కాచిన చారు అది. మిసో సూపు, ఉడికించిన కూరలు, తెంపురా (పిండిలో ముంచి వేయించిన ముక్కలు) నంజుకునే పులుసు, సోబా నూడుల్స్ పులుసు, అన్నిటికీ ఇదే ఆధారం. చల్లటి తోఫు మీద గులాబీ రంగు పలచని పొరలు చల్లి ఉంటే అవీ ఆ చేప తురుమే. వేడి వంటకం మీదైతే ఆవిరికి కదులుతూ ఉంటాయి. ‘చవన్ముషి’ అనే మెత్తటి కప్పు వంటకంలో గుడ్డూ దాషీ రెండూ ఉంటాయి.

అందుకే తినని వాటి జాబితా ఇవ్వండి: మాంసం, చేప, రొయ్యలు, గవ్వజాతులు, గుడ్డు, చేప దాషి. దాషి నాచుతో, ఎండు పుట్టగొడుగులతో మాత్రమే చేయగలరా అని అడగండి. అవి ‘కొంబు’, ‘షిటాకే’. బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. వారం ముందు మళ్ళీ గుర్తు చేయండి. వంటగదిలో చూపించడానికి ఈ మాటలు పనికొస్తాయి: “నికు, సకనా, తమగో వ తబెమసెన్. కత్సువో దాషి మో తబెరరెమసెన్.” మాంసం, చేప, గుడ్డు తినం, చేప దాషి కూడా తినలేం అని అర్థం.

కుదరదని చెప్పే సత్రం మీకు మేలే చేసింది. సరేనని చెప్పి అన్నం, ఊరగాయ పెట్టే చోటుకంటే అది నయం. అప్పుడు సుదోమరి తీసుకుని తిండి మీరే చూసుకోండి. ఓన్సెన్ కన్నా సంప్రదాయ బస ముఖ్యమనుకుంటే కోయసాన్ కొండ మీద మఠాల సత్రాలు సుమారు 50 ఉన్నాయి. 816లో కూకాయి అనే బౌద్ధ స్వామికి దక్కిన కొండ అది. అక్కడి ‘షోజిన్ ర్యోరి’ భోజనంలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. స్నానపు నీళ్ళు చాలావరకు మామూలు వేడినీళ్ళే.

ప్రశ్న: నాన్నగారికి బీపీ, అక్క గర్భిణి, వెంట ఎనిమిదేళ్ళ బాబు. అందరూ దిగవచ్చా?

జవాబు: నాన్నగారి సంగతి డాక్టరు చెప్పాలి. సరే అంటే 40 డిగ్రీల్లోపు నీళ్ళలో, ఛాతీ కిందికి మునిగేలా, కొద్ది నిమిషాలే. బయట చలి, లోపల వేడి రక్తపోటును ఒక్కసారిగా మారుస్తాయి, చలికాలపు ఆరుబయటి తొట్లు ఆయనకి వద్దు. మద్యం తాగాక, కడుపు నిండా తిన్న వెంటనే ఎవరూ దిగకూడదు. గర్భిణులు దిగకూడదనే పాత సూచనను జపాన్ పర్యావరణ శాఖ 2014లో తీసేసింది. అయినా జారిపడే ప్రమాదం ఉంటుంది, ఒంటరిగా వెళ్ళనివ్వకండి, డాక్టర్ని అడగండి. బాబు మగవాళ్ళ వైపే వెళ్ళాలి. సుమారు ఏడేళ్ళు నిండిన పిల్లలు అవతలి వైపుకి వెళ్ళకూడదని 2020లో కేంద్ర మార్గదర్శకాలు మార్చారు, అంతకుముందు పదేళ్ళుండేది.

ప్రశ్న: చేతిమీద చిన్న పచ్చబొట్టు ఉంది. రానిస్తారా?

జవాబు: చాలాచోట్ల రానివ్వరు. చిన్నదైతే అతికించే పట్టీతో కప్పి రమ్మనే చోట్లున్నాయి, ముందే అడగండి. కషికిరి గదికి ఈ అడ్డు ఉండదు. కినొసకి అనే ఓన్సెన్ ఊళ్ళోని ఊరుమ్మడి స్నానశాలల్లో పచ్చబొట్టున్నవాళ్ళని రానిస్తారు.

ప్రశ్న: గదిలో ఇచ్చే యుకత (పలచని నూలు అంగీ) ఎలా కట్టుకోవాలి? ఇంకేం జాగ్రత్తలు?

జవాబు: కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి. తిరగేస్తే శవానికి కట్టే తీరు, సత్రంలో ఎవరు చూసినా చప్పున వచ్చి సరిచేస్తారు. పొడవు సరిపోకపోతే వేరేది అడగండి. లోపలి బట్టలు వేసుకోవచ్చు. భోజనశాలకి, తోటకి అదే వేసుకుని వెళ్ళొచ్చు.

తతామి చాప మీద చెప్పులు, స్లిప్పర్లు వద్దు. పెట్టె చక్రాలు కూడా దొర్లించకండి, గడ్డి చీరుకుపోతుంది. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లుంటాయి, వాటితోనే బయటికి నడిచి వచ్చేయడం కొత్తవాళ్ళంతా చేసే పొరపాటు. గోడలో పువ్వు, చిత్రపటం ఉన్న గూడు ‘తొకొనొమ’, అక్కడ సామాను పెట్టకూడదు. నేల మీద కూర్చోలేనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మంచాలున్న ‘వాయోషిత్సు’ గదిని, కుర్చీ బల్ల భోజనాన్ని బుకింగ్‌లోనే అడగాలి.

ప్రశ్న: పనివాళ్ళకి టిప్ ఎంత ఇవ్వాలి?

జవాబు: ఇవ్వనక్కర్లేదు. వెళ్ళేటప్పుడు పరుపులు ఒక పక్కకి మడిచి, వాడిన తువ్వాళ్ళు ఒకచోట పెడితే చాలు. పరుపు బీరువాలో సర్దకండి, దుప్పట్లు మార్చడానికి వాళ్ళు మళ్ళీ తీయాల్సి వస్తుంది.