పరుగు తర్వాత రక్తంలో డీఎన్‌ఏ పెరుగుతుందట, ప్రమాదమా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రోజూ ఉదయం పరుగెత్తుతాను, ఆదివారాలు పది కిలోమీటర్లు. గట్టిగా వ్యాయామం చేస్తే రక్తంలో డీఎన్‌ఏ ముక్కలు పెరుగుతాయని, క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ ఇవి ఎక్కువని ఒక వీడియోలో చూశాను. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. కండరాలు దెబ్బతింటున్నాయా? పరుగు మానేయాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మానొద్దు. వీడియోలో చెప్పిన రెండు మాటలూ నిజమే. వాటికి ముడిపెట్టడమే తప్పు.

రక్తంలో విడిగా తిరిగే డీఎన్‌ఏ ముక్కలు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. 1948లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు వీటిని గుర్తించారు. ఆయాసం వచ్చేలా పరుగెత్తినా, బరువులెత్తినా ఇవి కొన్ని రెట్లు పెరుగుతాయి. ఇక చేతకాదన్నంత వరకు చేస్తే పది రెట్లు దాటొచ్చు కూడా. అయితే ఇవి ఎక్కువగా వచ్చేది కండరాల నుంచి కాదు, తెల్లరక్తకణాల నుంచి. ఎముక మూలుగ మార్పిడి అయినవారితో వ్యాయామం చేయించి చూస్తే, పెరిగిన డీఎన్‌ఏలో ఎక్కువ భాగం దాతదని తేలింది. వాళ్ల రక్తకణాలు దాత మూలుగలోంచి పుట్టినవి, కండరాలు మాత్రం సొంతవి కదా!

రక్తంలోని ఎంజైములు, కాలేయం కలిసి ఈ ముక్కలను చకచకా తొలగిస్తాయి. మీరు ఇంటికొచ్చి స్నానం, టిఫిన్ ముగించేసరికి చాలావరకు సర్దుకుంటుంది. మారథాన్ లాంటివైతే ఇంకాస్త సమయం పట్టొచ్చు. క్యాన్సర్ రక్తపరీక్షల్లో ముక్కల మొత్తం ఒక్కటే చూసి జబ్బు ఉందని చెప్పరు, వాటిలో కణితికి సంబంధించిన మార్పులు వెతుకుతారు. మీకిప్పుడు ఆ పరీక్ష అక్కర్లేదు.

జాగ్రత్త అవసరమైన సందర్భం ఒకటుంది. గర్భిణులకు పదో వారం దాటాక, తల్లి రక్తంలోని డీఎన్‌ఏ ముక్కలను బట్టి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లోపాలున్నాయేమో చూసే ఎన్‌ఐపీటీ పరీక్షలో బిడ్డ డీఎన్‌ఏ వాటా ముఖ్యం. వ్యాయామంతో తల్లి డీఎన్‌ఏ పెరిగితే ఆ వాటా పలచబడుతుంది, ఫలితం తేలకపోవచ్చు. రక్తం ఇచ్చే రోజు ఉదయం కష్టమైన వ్యాయామం వద్దు. క్యాన్సర్ చికిత్సలో ఇలాంటి రక్తపరీక్ష రాసినవారికీ ఇదే మాట.

మీ విషయానికొస్తే, హెల్త్ చెకప్‌కు రెండు మూడు రోజుల ముందు నుంచి సుదీర్ఘ పరుగు ఆపండి. కండరాల నుంచి రక్తంలోకి వచ్చే సీపీకే, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు (ఎస్‌జీఓటీ లివర్‌లోనూ ఉంటుంది) పరుగు తర్వాత కొన్ని రోజుల పాటు ఎక్కువగానే కనిపిస్తాయి. అది చూసి లివర్ పాడైందని కంగారుపడి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. పరుగు తర్వాత విపరీతమైన ఒళ్లునొప్పులతో మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.