పైవాతావరణంలోని ఆటుపోట్లు చంద్రుడి వల్లేనా? భూమధ్యరేఖకు రెండు వైపులా గాలి ఒకేలా వీస్తుందా?

చంద్రుడి వాటా ఉంది, కానీ చాలా చిన్నది. గాలిలో పోట్లు పుట్టించేది ముఖ్యంగా ఎండే. కింద నీటి ఆవిరి, పైన ఓజోన్ పగలు ఎండను పీల్చుకుని వేడెక్కుతాయి, రాత్రి ఆ వేడి అందదు. రోజూ జరిగే ఈ మార్పు వల్లే 24 గంటల, 12 గంటల అలలు పుట్టి పైకి పోతాయి. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి అల ఊపు పెరుగుతుంది. నేల మీద గాలి పీడనంలో ఒకటి రెండు మిల్లీబార్ల తేడాగా కనిపించేదే 90 కి.మీ. ఎత్తులో సెకనుకు పదుల మీటర్ల గాలి.

తిరుపతిలో పీహెచ్‌డీ చేసేటప్పుడు నా పనంతా ఉల్కా రాడార్ డేటాతోనే. ఉల్క మండిపోయాక మిగిలే విద్యుదావేశపు చార గాలికి కొట్టుకుపోతుంటే, రాడార్ దాని వేగాన్ని పట్టుకుంటుంది. మన అక్షాంశాల్లో ఆ ఎత్తున 24 గంటల అలదే జోరు. మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో ఇంకా బలంగా ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఈ 24 గంటల అలలో తూర్పు-పడమర గాలి రెండు అర్ధగోళాల్లోనూ స్థానిక సమయం ప్రకారం ఒకే వైపు వీస్తుంది. ఉత్తర-దక్షిణ గాలి మాత్రం తిరగబడుతుంది: ఇక్కడ ఉత్తరానికి వీచే వేళకు, అవతల అదే అక్షాంశంలో దక్షిణానికి వీస్తుంది. అందుకే రోజంతా గాలి దిశను గీస్తే ఉత్తరాన సవ్యదిశలో, దక్షిణాన అపసవ్యదిశలో తిరుగుతుంది. రెండు స్టేషన్ల డేటాను పక్కపక్కన పెట్టి దీన్ని చూడటం నాకు ఎప్పటికీ విసుగు రాని పని.

పోట్లు పక్కన పెడితే, దాదాపు 85 కి.మీ. ఎత్తున గాలి వేసవి ధ్రువం నుంచి శీతాకాలపు ధ్రువం వైపు నడుస్తుంది. వేసవి ధ్రువం మీద గాలి పైకి లేచి, వ్యాకోచించి చల్లబడుతుంది. వాతావరణం మొత్తంలో అతి చల్లటి చోటు అదే, సుమారు మైనస్ 130 డిగ్రీలు. అదీ 24 గంటలూ ఎండ ఉండే కాలంలో!

మీరు సొంతంగా డేటా చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. ఉల్కలు తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం తక్కువ. ఒక్క రోజు డేటాతో సగటు తీస్తే పోటు కాస్తా మామూలు గాలిలా కనిపిస్తుంది. కొన్ని రోజుల డేటాను గంటలవారీగా కలిపి, 24, 12, 8 గంటల అలలను ఒకేసారి అమర్చి చూడండి.