యాంటీబయాటిక్స్ తర్వాత కడుపు కుదుటపడలేదు... ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ ఇంకా వాడాలా?

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఐదు నెలల కిందట జ్వరం వస్తే వైడల్ అనే రక్త పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. పది రోజులు యాంటీబయాటిక్ వాడాను. నెల తిరక్కుండానే మళ్లీ జ్వరం రావడంతో, మందుల షాపులో అడిగి అదే కోర్సు మరోసారి వాడాను. అప్పటి నుంచి ఏది తిన్నా కడుపు ఉబ్బరం, గ్యాస్, రోజుకు మూడు నాలుగుసార్లు పల్చటి విరేచనం. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయిందని స్నేహితులు చెబితే మూడు నెలలుగా ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ వేసుకుంటున్నాను. పెద్దగా తేడా లేదు. అసిడిటీకి వాడే పాంటాప్రజోల్ మాత్ర కూడా రోజూ వేసుకుంటున్నాను. మలంలో రక్తం, బరువు తగ్గడం లేవు. ఆహారంతోనే మంచి బ్యాక్టీరియాను తిరిగి పెంచుకోవచ్చా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెంచుకోవచ్చు, మీకు నేను సూచించే మార్గం కూడా అదే. మూడు నెలలు వాడినా గుణం కనిపించని క్యాప్సూల్స్‌ను ఇక ఆపేయండి. ఒక్కసారిగా మానేసినా ఇబ్బందేమీ ఉండదు. బయటి నుంచి కొత్త బ్యాక్టీరియాను పంపడం కన్నా, మీ పేగుల్లో మిగిలి ఉన్న సొంత బ్యాక్టీరియాకు సరైన తిండి అందించడం ఈ దశలో ముఖ్యం.

మన పెద్దపేగులో వందలాది జాతుల బ్యాక్టీరియా లక్షల కోట్ల సంఖ్యలో ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచును అది పులియబెట్టి బ్యుటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తుంది. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఇంధనం ఈ బ్యుటిరేటే. పేగు నీటినీ లవణాలనూ పీల్చుకోవడానికి కూడా ఇది తోడ్పడుతుంది. యాంటీబయాటిక్ జ్వరానికి కారణమైన క్రిమిని చంపుతూనే పేగుల్లో మనకు పనికొచ్చే వాటినీ చంపేస్తుంది. అప్పుడు పీచు సరిగా పులియక, నీరు పూర్తిగా ఇంకక విరేచనం పల్చబడుతుంది. ఆరోగ్యవంతుల్లో ఈ వ్యవస్థ చాలావరకు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దానంతటదే కోలుకుంటుంది, కొన్ని జాతులు మాత్రం ఆలస్యంగా తిరిగి వస్తాయి. మీరు నెల తిరక్కుండా రెండో కోర్సు వాడటంతో, అప్పుడప్పుడే కోలుకుంటున్న పేగులకు మళ్లీ దెబ్బ తగిలింది.

ప్రోబయాటిక్స్ వల్ల ఉపయోగమే లేదని నా ఉద్దేశం కాదు. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయాటిక్స్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. అంటే ఏ రకం, ఎంత మోతాదు, ఏ ఇబ్బందికి అన్నది తేలకుండా ఆ పేరుకు విలువ లేదు. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలను నివారించడంలో లాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ జీజీ అనే బ్యాక్టీరియాకు, శాకరోమైసిస్ బౌలార్డీకి, ముఖ్యంగా పిల్లల విషయంలో, మంచి ఆధారాలున్నాయి. రెండోది బ్యాక్టీరియా కాదు, ఒక రకం ఈస్ట్ (శిలీంధ్రం) కాబట్టి యాంటీబయాటిక్‌కు చావదు. అయితే వీటిని యాంటీబయాటిక్‌తో పాటే మొదలుపెట్టాలి. కోర్సు ముగిశాక నెలల తరబడి వాడితే పేగులు త్వరగా కోలుకుంటాయనడానికి అలాంటి ఆధారం లేదు. పైగా ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, యాంటీబయాటిక్స్ తర్వాత పలు రకాల ప్రోబయాటిక్స్ కలిపి తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ తీసుకోనివారి కంటే ఆలస్యమైంది. అది కొద్దిమందిపైనే జరిగిన అధ్యయనం కాబట్టి దాన్నే తుది మాటగా తీసుకోలేం, కానీ క్యాప్సూల్ వేసుకుంటే నష్టమేముందిలే అనుకోవడానికి వీల్లేదని మాత్రం అది చెబుతోంది. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు వైద్యుడిని అడగకుండా వీటి జోలికి వెళ్లనే కూడదు.

ఇక తిండి సంగతి. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో తెల్లన్నం, రాత్రి ఫోన్‌లో తెప్పించుకున్న బిర్యానీ తింటే అంత పీచు అందడం కష్టం. సాయంత్రం మీరు ఇంటికి వెళ్లే దారిలోనే రోడ్డు పక్కన పొయ్యి ముందు కూర్చుని, పిండిని అరచేతులతో చరుస్తూ జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్లు కనిపిస్తారు. రాత్రిపూట అన్నం బదులు ఆ రొట్టె ఒకటి తీసుకుని, తోటకూర పప్పుతోనో బీరకాయ కూరతోనో తినండి. ఒకటే ఎందుకంటున్నానంటే, ఇప్పుడున్న స్థితిలో పీచును ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం రెట్టింపవుతుంది, 'మీరు చెప్పినవి తిన్నాకే ఎక్కువైంది డాక్టర్' అంటూ వారానికే అన్నీ మానేసినవారిని నేను చాలామందిని చూశాను. పది రోజులకు ఒక కొత్త పదార్థం చొప్పున కలుపుకుంటూ వెళ్లండి. ఉల్లి, వెల్లుల్లి, శనగలు, రాజ్మా మంచి బ్యాక్టీరియాకు ఇష్టమైన ఆహారమే అయినా అవే గ్యాస్‌ను ఎక్కువగా పుట్టిస్తాయి, కాబట్టి మొదటి నెల వాటిని తగ్గించి, ఆ తర్వాత శనగలు, రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకుని కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

పులిసిన పదార్థాల విషయంలో మన ఇళ్లలో కొంత అయోమయం ఉంది. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి గడ్డకట్టే పెరుగులో సజీవ బ్యాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటుంది. అది ఏ రకమో కచ్చితంగా తెలియదు కాబట్టి శాస్త్రీయంగా దాన్ని ప్రోబయాటిక్ అనలేం, కానీ ఆహారంగా అది చేసే మేలును తక్కువ చేయనక్కర్లేదు. అదే పెరుగును మజ్జిగ పులుసుగా మరిగిస్తే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ పిండి పులుస్తుంది గానీ ఆవిరి మీద ఉడికాక అందులోనూ బతికి ఉన్నవి మిగలవు. ఇడ్లీ తేలిగ్గా అరిగే మంచి ఆహారం, అంతవరకే. నూనె, ఉప్పు, ఆవపిండితో నిల్వ ఉండే ఆవకాయను ఈ లెక్కలో చేర్చకండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల పాటు పెరుగు, కెఫిర్ (పులిసిన పాల పానీయం), కిమ్చీ (కొరియా వారి పులిసిన కూరగాయలు) వంటివి తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది. వాళ్లు రోజుకు సగటున ఆరు వడ్డింపుల దాకా వీటిని తిన్నారు. కాబట్టి భోజనం చివర్లో రెండు చెంచాల పెరుగుతో సరిపెట్టకుండా, రెండు పూటలా కప్పు పెరుగు, మధ్యలో గ్లాసు పల్చటి మజ్జిగ తీసుకోండి. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం, జొన్న అంబలి కూడా మంచివే. అయితే వండిన అన్నాన్ని గంటల కొద్దీ బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే హానికర బ్యాక్టీరియా పెరగవచ్చు, అందుకని మీకు విరేచనాలు పూర్తిగా తగ్గాకే వాటిని మొదలుపెట్టండి.

పేగుకు ఇన్ఫెక్షన్ సోకిన తర్వాత కొందరికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంతకాలం అరగదు. రెండు వారాలు పాలు, పాలతో పెట్టిన టీ మానేసి చూడండి. రోజంతా ఆఫీసులో నాలుగైదు కప్పుల టీ తాగే అలవాటుంటే ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలియవచ్చు. పాంటాప్రజోల్ ఎందుకు మొదలైందో మీరు రాయలేదు. యాంటీబయాటిక్ చీటీలో దాన్ని కూడా జతచేయడం మామూలైపోయింది, కోర్సు ముగిశాక ఆపాలని మాత్రం ఎవరూ చెప్పరు. కడుపులోని ఆమ్లం తగ్గితే పేగుల్లోని బ్యాక్టీరియా తీరు మారుతుంది, పేగు ఇన్ఫెక్షన్ల ముప్పూ పెరుగుతుంది. అల్సర్ వంటి కారణమేదీ లేకపోతే మీ వైద్యుడితో మాట్లాడి క్రమంగా మానేయండి. మానిన కొత్తలో కొద్ది రోజులు మంట పెరగవచ్చు, దానికి భయపడి మళ్లీ మొదలుపెట్టకండి.

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టిన మాట మరొకటి ఉంది. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో, గతంలో ఎప్పుడో సోకిన ఇన్ఫెక్షన్ వల్లనో, ఇతర జ్వరాల వల్లనో కూడా వైడల్ పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్‌ను నిర్ధారించాలంటే మొదటి యాంటీబయాటిక్ మాత్ర వేసుకోకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) చేయించాలి. మీ రెండో జ్వరం వైరల్ అయి ఉంటే ఆ రెండో కోర్సు అసలు అవసరమే లేదు. దయచేసి ఇకపై యాంటీబయాటిక్‌ను షాపులో అడిగి కొనకండి.

పల్చటి విరేచనాలు నాలుగు వారాలు దాటాయి కాబట్టి అంతా బ్యాక్టీరియా మీదకు నెట్టేయకుండా మల పరీక్ష, సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ వ్యాధికి సంబంధించిన రక్త పరీక్ష ఈ వారంలోనే చేయించండి. జియార్డియా అనే పరాన్నజీవి కూడా సరిగ్గా ఇవే లక్షణాలతో నెలల తరబడి ఇబ్బంది పెడుతుంది, దానికి మందు వేరు. బ్యాక్టీరియా జాబితా ఇస్తామంటూ వేల రూపాయలు తీసుకునే మైక్రోబయోమ్ పరీక్షలు చికిత్సను మార్చవు, వాటికి ఖర్చు పెట్టకండి. మలంలో రక్తం పడినా, నిద్రలోంచి లేపేలా విరేచనం వచ్చినా, జ్వరం తిరగబెట్టినా, బరువు తగ్గుతున్నా ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఇవేవీ లేకుండా పరీక్షలన్నీ సవ్యంగా ఉంటే, ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్ (పేగులు అతిగా స్పందించే ఇబ్బంది) అయ్యే అవకాశం ఎక్కువ. పైన చెప్పిన ఆహారాన్ని ఆరు వారాలు పాటించినా గుణం లేకపోతే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు రెండు కోర్సుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు ఉంటే అవీ వెంట తీసుకెళ్లండి. ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడారో తెలిస్తే తర్వాతి చికిత్స నిర్ణయించడం తేలికవుతుంది.