సందర్శకులు నడిచే ఇంట్లో ఏ జంతువులు?

జంతువుల గురించీ, జంతువుల ఆటల గురించీ పాఠకులు అడిగిన ప్రశ్నలకు విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ. సెలవుల్లో ప్లానెట్ జూ అని, మనమే జూ కట్టి నడిపే కంప్యూటర్ ఆట ఆడుతున్నాను. జంతువులుండే చోటు మధ్యలోంచి సందర్శకులు నడిచి వెళ్లేలా వాక్‌త్రూ కట్టాలని ఉంది. ముద్దుగా ఉంటాయి కాబట్టి మీర్‌కాట్‌లు, రెడ్ పాండాలు, కోతులు పెడదామంటాడు అన్నయ్య. నాకేమో గబ్బిలాలంటే ఇష్టం. అసలు ఏవి నప్పుతాయి? నిజం జూలలో ఇంకేవి పెడతారో కూడా చెప్పండి.
— ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: గబ్బిలాలతోనే మొదలుపెట్టమ్మా. నా ఓటు నీకే.

ఈ ఆటలో వాక్‌త్రూ అంటే రెండు రకాలు. పెద్ద హ్యాబిటాట్‌లోంచి, అంటే జంతువులు తిరిగే ఆవరణలోంచి బాట వేసి జనాన్ని పంపించడం ఒకటి. రెండోది వాక్‌త్రూ ఎగ్జిబిట్. అంటే అన్ని వైపులా మూసి ఉండే కట్టడం. అందులో వేడి, తేమ ఎంత ఉండాలో నువ్వే సెట్ చేస్తావు. 2019 నవంబర్‌లో ఆట విడుదలైనప్పుడు ఈ రెండో రకం లేదు. 2022లో ట్విలైట్ ప్యాక్ అనే అదనపు భాగంతో ఈజిప్షియన్ ఫ్రూట్ బ్యాట్ కోసం తెచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో గ్రాస్‌ల్యాండ్స్ ప్యాక్‌తో సీతాకోకచిలుకలు వచ్చాయి, 2023లో ట్రాపికల్ ప్యాక్‌తో స్లాత్ వచ్చింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడు. ఒకటి రాత్రిపూట ఎగిరే క్షీరదం, ఒకటి కీటకం, ఇంకొకటి కొమ్మ వదలని బద్ధకపు జీవి. వీటికి ఏం చుట్టరికం ఉందని ఒకే రకం ఇంట్లో పెట్టారు? మూడూ మన తల కన్నా పైన బతుకుతాయి. మనం నడిచే నేలతో వాటికి పెద్దగా పని లేదు. మనం కింద నుంచి వెళ్తుంటే వాటి తిండికీ నిద్రకీ అడ్డం రాము, చిరాకేస్తే అవే పైకి తప్పుకుంటాయి. వాక్‌త్రూకి జంతువును ఎంచేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే. మన ఉనికి దానికి పట్టకూడదు, పట్టినరోజున తప్పుకునే దారి దానికి ఉండాలి. ముద్దుగా ఉందా, కరుస్తుందా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

గబ్బిలాలు జుట్టులో చిక్కుకుంటాయని మన ఇళ్లలో ఇప్పటికీ భయపెడతారు. పళ్లు తినే గబ్బిలాల్లో చాలా జాతులు కళ్లతోనే దారి వెతుక్కుంటాయి. ఈజిప్షియన్ ఫ్రూట్ బ్యాట్ మాత్రం నాలుకతో టక్కుటక్కుమనిపించి, ఆ ప్రతిధ్వనిని బట్టి చీకట్లో అడ్డాలను పసిగడుతుంది. నువ్వు నిలబడి ఉంటే నిన్ను ఒక స్తంభం కింద లెక్కేసి చుట్టూ తిరిగి పోతుంది. నిజం జూలలో వీటి ఇంట్లో పగలు మసక వెలుతురు ఉంచి, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో జనం వచ్చే వేళకి అవి మెలకువగా ఉంటాయి. పళ్లు మాత్రం బాట మీద వేలాడదీయరు. మా వీధి చివర ఒక బాదం చెట్టుంది. తెల్లారేసరికి దాని కింద సగం గీరిన బాదంకాయలు, నమిలి ఊసిన పీచు ఉండలు పరిచినట్టు ఉంటాయి. గబ్బిలం పండు నమిలి రసం మింగి, పిప్పిని ఉండ చేసి ఊసేస్తుంది. అది సందర్శకుల నెత్తిన పడకూడదు కదా. తిండి ఒక మూల, బాట ఇంకో మూల ఉండాలి.

స్లాత్ విషయంలో ఆటకీ నిజానికీ ఒక తేడా ఉంది. ఆటలో ఉన్నది మూడు వేళ్ల రకం, బ్రౌన్ థ్రోటెడ్ స్లాత్. జూలలో ఎక్కువగా కనబడేది రెండు వేళ్ల రకం. మూడు వేళ్లది తిండి విషయంలో మహా పట్టింపు మనిషి. సెక్రోపియా లాంటి కొన్ని చెట్ల ఆకులే తింటుంది. అమెరికా ఖండపు అడవుల్లోంచి బయటికి తెస్తే దాన్ని బతికించడం చాలా కష్టం. రెండు వేళ్లది కూరగాయలకీ అలవాటు పడుతుంది. రెండూ వారానికి ఒకసారి మలవిసర్జనకు మెల్లగా చెట్టు దిగుతాయి. కాబట్టి మానుల మొదళ్లు బాటకి దూరంగా ఉండాలి. చెట్టు దిగిన స్లాత్ చుట్టూ జనం మూగితే అది పరిగెత్తి తప్పించుకోలేదు. ఇంటి మొత్తంలో దానికి రక్షణ లేని చోటు ఆ మొదలే. ఎవరూ చేయి వేయలేని ఎత్తులో కొమ్మలు పెట్టు.

ఇక మీ అన్నయ్య జాబితా. కోతుల సంగతి మనకి ఒకరు చెప్పాలా? తిరుమల కొండ మీదో యాదగిరిగుట్టలోనో కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని నడిచినవాళ్లెవరైనా చెబుతారు. మకాక్ జాతి కోతులకి మనిషిని చూస్తే తిండి సంచీ గుర్తొస్తుంది. పైగా వాటి కాటుతో జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది. నెదర్లాండ్స్‌లో 1971లో తెరిచిన అపెన్‌హ్యూల్ అనే కోతుల పార్కులో జనం స్క్విరెల్ మంకీల మధ్య నడుస్తారు. అయితే అవి పిల్లి కన్నా చిన్నవి. వాటికోసం అక్కడ సందర్శకులకి కోతులు తెరవలేని సంచులు కూడా ఇస్తారు. అంత ఏర్పాటు ఉంటేనే కోతుల జోలికి వెళ్లు.

మీర్‌కాట్‌లు గుంపుగా నేల మీదే ఉంటాయి. తవ్వుతాయి, కరుస్తాయి, తమ హద్దులోకి వచ్చినవాటిని ఊరుకోవు. మనం నడిచే నేలే వాటి ఇల్లు. రెడ్ పాండా ఒంటరి జీవి, వెదురు తింటూ కొమ్మ మీద నిద్రపోతుంది. జనం గోల దానికి అక్కర్లేదు. దానికోసం ఎన్‌క్లోజర్ బయట చెట్టు ఎత్తులో ఒక వంతెన కట్టు. జనం కళ్ల ఎదురుగానే ఉంటుంది, దాని నిద్రా పాడవదు.

ఇక హ్యాబిటాట్ లోంచి వేసే బాట. ఏ జంతువు దగ్గరికి సందర్శకులు వెళ్లొచ్చో ఆటలోని జూపీడియాలో రాసి ఉంటుంది. కట్టే ముందు అది చూడు. నా మొదటి ఎంపిక రింగ్‌టెయిల్డ్ లెమర్. మడగాస్కర్ జీవి, పగలు తిరుగుతుంది, గుంపులో పెత్తనం ఆడవాటిది. పొద్దున్నే ఎండకి చేతులు చాపి పొట్ట చూపిస్తూ కూర్చుంటుంది. అందుకని ఎండ పడే బండ ఒకటి బాటకి దగ్గరగా, మనిషి నడుము కన్నా ఎత్తులో పెట్టు. లెమర్‌ని బలవంతపెట్టకుండానే జనానికి కనబడుతుంది. జూరిక్ జూలో 2003లో తెరిచిన మసోవాలా హాలు సుమారు 11,000 చదరపు మీటర్ల అడవి. అందులో రెడ్ రఫ్డ్ లెమర్లు పైన చెట్లలో తిరుగుతుంటే జనం కింద నడుస్తారు. అవి కనబడతాయని గ్యారంటీ లేదు. ఆ హాలు గురించి చదివినప్పుడల్లా నాకు సంతోషం వేసేది ఆ గ్యారంటీ లేకపోవడం వల్లే.

నెమలి సులువు. ప్రపంచంలో ఎన్నో జూలలో కంచె లేకుండానే తిరుగుతుంది. పెద్ద తాబేళ్లు కూడా బాగుంటాయి. కాకపోతే తాబేలు పైకీ పోలేదు, వేగంగానూ పోలేదు. పిల్లలు వీపెక్కుతారు. కాబట్టి హ్యాబిటాట్‌లో సగం కన్నా ఎక్కువ చోటు జనం అడుగుపెట్టలేనట్టు, నీటిగుంటా నీడా ఆ వైపే ఉండేట్టు కట్టు.

బాట గీసే తీరు కూడా ముఖ్యం. చాలామంది అందంగా ఉంటుందని గుండ్రంగా తిప్పుతారు. అప్పుడు జంతువులు నడిమధ్యలో, జనం చుట్టూ. అవి ఎటు తిరిగినా మనిషే ఎదురవుతాడు. బాటని ఒక పక్కగా, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి పోనివ్వు. వెనక వైపంతా వాటికి వదిలెయ్.

నిజం జూలలో ఇంకేవి అని అడిగావు. అన్నిటికన్నా పాత పద్ధతి పక్షులది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1904 ప్రపంచ ప్రదర్శన కోసం 228 అడుగుల పొడవు, 84 అడుగుల వెడల్పు, 50 అడుగుల ఎత్తున్న ఫ్లైట్ కేజ్ కట్టారు. జనం దాని లోంచి నడిచేవారు. అది ఇప్పటికీ ఉంది. దాని చుట్టూనే అక్కడి జూ పెరిగింది. పక్షుల వాక్‌త్రూలో 50 అడుగుల ఎత్తు విలాసం కాదు. పైన వాలే చోటు లేని వలలో పక్షి మన భుజాల ఎత్తులోనే బెదిరి కొట్టుకుంటుంది. తేనె తాగే లోరికీట్‌లు, నేల మీద గింజలేరుకునే నికోబార్ పావురాలు ఇలాంటి చోట్లకి బాగా అలవాటుపడతాయి.

నాకు మరీ ఇష్టమైనది మూషిక జింక. సింగపూర్ జూలో ఫ్రజైల్ ఫారెస్ట్ అని ఒక డోమ్ ఉంది. మన వాళ్లు సింగపూర్ టూర్‌కి తరచూ వెళ్తుంటారు కాబట్టి చెబుతున్నాను, అందులో పైన గబ్బిలాలూ లెమర్లూ, కింద పొదల్లో పిల్లి కన్నా చిన్న మూషిక జింక. పుల్లల్లాంటి కాళ్లు, కొమ్ములు లేవు. కాలిబాట పక్కన ఆకుల్లో ముక్కు ఆడిస్తూ ఉంటుంది. చప్పుడైతే పొద కిందికి జారుకుంటుంది. నేల మీద ఉండే జంతువు కూడా వాక్‌త్రూకి పనికొస్తుందని నేను నమ్మింది దాని వల్లే, దాని పొద దానికి రెండడుగుల దూరంలో ఉంది కనుక. మన దేశపు మూషిక జింకల్ని హైదరాబాద్ నెహ్రూ జూలో 2010 నుంచి సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలతో కలిసి పెంచి, అమ్రాబాద్ అడవిలో వదిలారు. మీ తరం పిల్లలకి ఆ సంగతి తెలియాలని నా ఆశ.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బాబు కంప్యూటర్‌లో సీతాకోకచిలుకల ఇల్లు కట్టి చూపించాడు. నిజంగా అలా గదిలో బతుకుతాయా? తలుపులు తీస్తే ఎగిరిపోవా?
— ఒక గృహిణి, కాకినాడ

జవాబు: బతుకుతాయండీ, వెచ్చదనం, తేమ, పూలు ఉంటే. చల్లగా ఉంటే సీతాకోకచిలుక రెక్క ఆడించలేదు. తలుపులు రెండుంటాయి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుస్తారు. బయటికొచ్చే చోట అద్దం పెడతారు, వీపు మీద ఎవరైనా వాలి ఉన్నారేమో చూసుకోవడానికి. చెమటలోని ఉప్పు కోసం మన చేతుల మీద కూడా వాలతాయి. పట్టుకోవద్దని బాబుకి చెప్పండి, రెక్కల మీది పొడి రాలిపోతుంది.

చాలా సీతాకోకచిలుకల ఇళ్లలో గుడ్ల దగ్గర నుంచి పెంచరు. కోస్టారికా లాంటి దేశాల ఫారాల నుంచి ప్యూపాలు, అంటే రెక్కలు రాకముందు గూడు దశలో ఉన్నవి తెప్పించి అద్దాల పెట్టెలో వేలాడదీస్తారు. రెక్కలొచ్చాక చాలా రకాలు బతికేది కొన్ని వారాలే. కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తవి కావాలి.

మీ కరివేపాకు చెట్టు మీద బాబుకి అసలు సంగతి చూపించండి. లేత ఆకు మీద పిట్ట రెట్టలా కనబడే చిన్న గొంగళిపురుగు ఉంటుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్మొకటి బయటికొచ్చి ఘాటు వాసన కొడుతుంది. కరివేపాకుకి పట్టిన తెగులని నలిపేయకండి. అది నిమ్మజాతి చెట్ల సీతాకోకచిలుక పిల్ల. నాలుగు ఆకులు పోతే పోనివ్వండి.

ప్రశ్న: వాక్‌త్రూకి రెడ్ కంగారూనా, వాలబీనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వాలబీ, అంటే కంగారూ జాతిలోనే చిన్నది. మగ రెడ్ కంగారూ నిలబడితే మనిషంత ఎత్తు, తన్నుడు కూడా ఆ స్థాయిలోనే. మెడ ఎర్రగా ఉండే వాలబీ గ్రాస్‌ల్యాండ్స్ ప్యాక్‌లో ఉంది. ఎన్నో దేశాల జూలలో జనం దాని మధ్యే నడుస్తారు. గడ్డి వాటిది, బాట మనది అన్న నియమం మాత్రం కచ్చితంగా ఉండాలి.

ప్రశ్న: మా శేషాచలం కొండల్లో దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్, చెట్ల మీద ఉండే పెద్ద కళ్ల చిన్న జంతువు) ఉంటుందట. దాని చుట్టూ జనం నడిచే ఎగ్జిబిట్ పెట్టమని ఆట తయారుచేసేవాళ్లకి రాద్దామనుకుంటున్నాను. అది చాలా నెమ్మది జంతువు, జనాన్ని చూసినా కదలదట కదా. మీరేమంటారు?
— డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: అది కదలకపోవడానికి కారణం భయం, బాబూ. దేవాంగపిల్లి ప్రమాదం అనిపిస్తే కొమ్మను పట్టుకుని బిగుసుకుపోతుంది. చెట్ల మధ్య శత్రువు కంటపడకుండా ఉండటానికి అది నేర్చుకున్న ఉపాయం అదే. సందర్శకుడికి అది ‘ఎంత బుద్ధిగా ఉందో’ అనిపిస్తుంది. ఫోన్లు తీసి ఫ్లాష్ కొడతాడు. రాత్రి పురుగుల కోసం తిరగడానికి ఉన్న కళ్లు అవి, ఆ వెలుగును తట్టుకోలేవు. గబ్బిలం ఎగిరిపోతుంది, మూషిక జింక పొదలో దూరుతుంది, ఇది మాత్రం ఎక్కడికీ పోదు. మూఢనమ్మకాల పేరుతో దీన్ని పట్టి హింసించేవాళ్లు కూడా ఉన్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి గట్టి రక్షణ ఇస్తోంది. దీన్ని మనుషులకి దగ్గర చేసే పని ఏదైనా నాకు ఇష్టం ఉండదు, ఆటలోనైనా సరే.

ఉత్తరం మాత్రం తప్పకుండా రాయి. వాక్‌త్రూ అడగకు, నిశాచరుల ఇల్లు అడుగు. లోపల మసక ఎర్ర దీపం, అడ్డంగా పాకిన తీగలు, వెనక వైపు దాక్కునే పొద, జనం నిలబడేది గాజు ఇవతల. ఇంకో మాట కూడా చేర్చు. ఆ జంతువు ఏ కొండల్లో ఉంటుందో చెప్పే బోర్డు మీద శేషాచలం పేరు రాయమను.