కుక్కల రిలాక్సిన్ కిట్‌తో గేదె చూడి తెలుస్తుందా?

"ఆడకుక్క చూడి కట్టిందో లేదో చెప్పే రిలాక్సిన్ కిట్‌ని మా గేదెకి వాడొచ్చా? ఏ జంతువుకైనా హార్మోన్ ఒకటే కదా" అని అడిగారు. వాడకండి. నేను వాడి ఇంట్లో తిట్లు తిన్నాను.

రాజమండ్రిలో ఓ పెట్ క్లినిక్‌లో రెండేళ్లు సహాయకుడిగా చేశాను. దాటించి నాలుగు వారాలు దాటిన ఆడకుక్కకి రక్తం తీసి కిట్ మీద వేస్తే, చూడి ఉంటే రెండు గీతలు వచ్చేవి. కుక్కలో మాయ నుంచి రిలాక్సిన్ రక్తంలోకి వస్తుంది, దాన్నే ఆ కిట్ పట్టుకుంటుంది. ఓసారి సెలవుకి కొత్తపేట దగ్గర మా ఊరు వచ్చినప్పుడు, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ కిట్ ఒకటి నా బ్యాగులో ఉంది. మా ముర్రా గేదెకి చూడి సూది (కృత్రిమ గర్భధారణ) చేయించి అప్పటికి మూడు నెలలు దాటింది. మెడ దగ్గర రక్తం తీసి వేశాను. కిట్ పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీత ఒక్కటే వచ్చింది. "కట్టలేదు నాన్నగారూ" అని పెద్ద డాక్టరులా చెప్పేశాను.

రెండో రోజుకల్లా బేరగాడు వచ్చి కొబ్బరిచెట్టు కింద నిలబడి రేటు మాట్లాడుతున్నాడు. పక్కింటి ఆవుని చూడ్డానికి వచ్చిన డాక్టరుగారిని మా అమ్మ పిలవబట్టి బతికిపోయాం. ఆయన గ్లవ్ తొడిగి చెయ్యి మోచేతి పైదాకా పెట్టి, "ఆయ్, నాలుగో నెలండి, ఎవరు లేదన్నారు?" అన్నారు. అందరూ నా వైపు చూశారు.

తప్పు కిట్‌ది కాదు. అది వెతికే హార్మోన్ మన పశువుల్లో తయారే కాదు. 1926లో ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త చూడి జంతువుల రక్తపు సీరమ్ గినీ పందులకి ఎక్కించి చూస్తే, వాటి కటి ఎముకల్ని ముందువైపు కలిపే బంధం వదులైంది. రిలాక్సిన్ కథ మొదలైంది అక్కడే. పందికి అది అండాశయంలోనే బోలెడంత తయారవుతుంది. ఆవులో మాత్రం ఆ జీన్ లేనే లేదు. గొర్రెలో దాని శిథిలం మిగిలింది కానీ అందులోంచి పనికొచ్చే ప్రొటీన్ రాదు. గేదె కూడా నెమరువేసే ఆ కుటుంబంలోదే.

మరి ఈనే ముందు తుంటి ఎలా జారుతుంది అంటారేమో. మా గేదెకి పదో నెల దాటాక నేను రోజూ తోక మొదట్లో రెండు పక్కలా నొక్కి చూసేవాణ్ణి. మొదట మోకులా బిగుసుకుని ఉండేది. ఈనడానికి ముందు రోజు లేత ముంజెలా మెత్తబడి, గుంటలు పడిపోయాయి. రిలాక్సిన్ లేకుండానే ఈ పని ఈస్ట్రోజెన్, ప్రోస్టాగ్లాండిన్‌ల లాంటివి చేసుకుపోతున్నాయి. తమాషా ఏంటంటే, 1980లలో ఈనే దగ్గరలో ఉన్న ఆవు పడ్డలకి పంది రిలాక్సిన్ ఇచ్చి చూస్తే గర్భాశయ ద్వారం ముందే తెరుచుకుంది. అంటే తాళంచెవి పోయినా తాళం ఇంకా పనిచేస్తోందన్నమాట!

"అవసరం లేదు కాబట్టి పోయింది" అని తేల్చేస్తుంటారు. నాకది తిరగేసి చెప్పినట్టు ఉంటుంది. జీన్ పాడవడం అనుకోకుండా జరుగుతుంది. ఆ పని వేరే హార్మోన్లు నెట్టుకొచ్చేస్తే, పాడైన జీన్ ఉన్న పశువు కూడా మామూలుగానే ఈని పిల్లల్ని పెంచుకుంటుంది. ఇక ఆ లోపం తరాల్లో మిగిలిపోవడానికి అడ్డేముంది?

ఇలాంటి శిథిలాలు ఇంకా ఉన్నాయి. మగపిల్లల్లో వృషణాలు కిందికి దిగాలంటే ఐఎన్ఎస్ఎల్3 అనే హార్మోన్, దాన్ని అందుకునే రిసెప్టర్ కావాలి. ఇది రిలాక్సిన్‌కి చుట్టమే. మానటీ (నీళ్లలో బతికే సముద్రపు ఆవు), టెన్రెక్‌ (ముళ్లపందిలాంటి చిన్న జంతువు) లాంటి జంతువులకి వృషణాలు కడుపులోనే ఉంటాయి. ఈ జోడీ జీన్లలో పాడైపోయిన వాటి ఆనవాళ్లు వాటిలో దొరికాయని 2018లో బయటపెట్టారు. అంటే వాటి పూర్వీకుల్లో వృషణాలు కిందికి దిగేవన్నమాట.

గర్భం తెలుసుకోవడానికి మందుల షాపులో ఆడవాళ్లు కొనే స్ట్రిప్ గేదె మూత్రంలో ముంచినా లాభం లేదు (మా బాబాయ్ అదీ చేశాడు). అది వెతికే హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ మనుషులూ కోతుల వంశంలోనే పుట్టింది, వేరే హార్మోన్ జీన్‌కి కాపీ పడి. అక్కడ కథ పోగొట్టుకోవడం కాదు, సంపాదించుకోవడం.

మీ గేదెకి సూది వేయించిన తేదీ రాసుకోండి. నెల దాటాక స్కానింగ్, రెండు నెలలు దాటాక డాక్టరుగారి చెయ్యి. రక్తపరీక్షే కావాలంటే నెమరువేసే పశువుల మాయ నుంచి వచ్చే ప్రొటీన్లని పట్టే పీఏజీ పరీక్ష అడగండి, అది వీటి కోసం చేసిందే.

మా గేదె ఆ చూడికే పెయ్యదూడని ఈనింది. ఆ బేరగాడు కాలువ గట్టు మీద కనిపించినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతాడు: "ఏం బాబూ, కిట్టు ఏమంటోంది?"