ఫ్లూరీకి చోటెందుకు లేదు?

ఆటల పేజీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం కెనడాలో, మిస్సిసాగాలో ఉంటాం. మా ఆఫీసులో కాల్గరీ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. లంచ్‌లో డబ్బా మూత తీసేలోపే మొదలెడతాడు, పాత ఐస్ హాకీ ఆటగాడు థియో ఫ్లూరీని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎందుకు పెట్టరని. మా అబ్బాయి ఐస్ హాకీ నేర్చుకుంటున్నాడు కాబట్టి ఆట కొంచెం తెలుసు గానీ, ఈ గౌరవం ఎవరిస్తారు, ఎలా ఇస్తారు? ఆయన గోలలో న్యాయం ఉందా?
– మిస్సిసాగా పాఠకుడు

జవాబు: ఉంది. నాదీ అదే గోల. మీ కొలీగ్ పక్కన కూర్చుంటే ఇద్దరం కలిసి మిమ్మల్ని అన్నం కూడా తిననివ్వం.

గొప్ప ఆటగాళ్ళ పేర్లు ఫలకాల మీద ఉంచే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ మీకు దగ్గరే, టొరంటో నడిబొడ్డున, యాంగ్ స్ట్రీట్, ఫ్రంట్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉన్న పాత బ్యాంకు భవనంలో. 1885లో కట్టిన భవనం, 1993లో హాల్ అక్కడికి మారింది. ఎవరిని తీసుకోవాలో తేల్చేది 18 మంది ఉన్న కమిటీ. మాజీ ఆటగాళ్ళు, జట్లు నడిపినవాళ్ళు, పత్రికలవాళ్ళు ఉంటారు. ఒక పేరు గట్టెక్కాలంటే 14 ఓట్లు రావాలి. అంటే ఐదుగురు మొహం తిప్పుకుంటే చాలు, ఎంత గొప్పవాడైనా బయటే. ఆట మానేసి మూడేళ్ళు దాటాలి, ఏడాదికి మగవాళ్ళలో నలుగురికి, ఆడవాళ్ళలో ఇద్దరికి మించకూడదు. పేర్లు జూన్‌లో చెబుతారు, వేడుక నవంబరులో.

అసలు చిక్కు ఎక్కడంటే, ఎవరికి ఎన్ని ఓట్లొచ్చాయో బయటికి చెప్పరు. అమెరికా బేస్‌బాల్‌లో ఫలానావాడికి ఇన్ని ఓట్లని లెక్క వేసి ప్రకటిస్తారు, పత్రికల ఓట్లలో పదేళ్ళు అవకాశం ఇచ్చి ఆ తర్వాత జాబితాలోంచి తీసేస్తారు. హాకీలో అలాంటి గడువు లేదు, లెక్కా లేదు. ఫ్లూరీ పేరు కిందటేడు ఎవరైనా ఎత్తారో లేదో, ఎత్తితే పదమూడు దగ్గర ఆగాడో రెండు దగ్గర ఆగాడో ఆ గదిలోవాళ్ళకే తెలుసు. కారణం చెప్పకపోతే ఊరికో కారణం పుడుతుంది, మీ లంచ్ టేబుల్ దగ్గర పుట్టేవి కూడా అవే.

ఇక ఫ్లూరీ సంగతి. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఆరడుగుల పైవాళ్ళు వేగంగా వచ్చి గుద్దుకునే ఆటలో ఇంత పొట్టివాడు ఏం నిలబడతాడులే అనుకున్నారేమో, 1987 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, 165 మంది తర్వాత గానీ పేరు పిలవలేదు. రెండేళ్ళకే, 1989లో, కాల్గరీతో స్టాన్లీ కప్పు, అంటే ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే కప్పు, గెలిచాడు. 1084 మ్యాచుల్లో 455 గోల్స్, అసిస్టులతో (గోల్ కొట్టేవాడికి అందించినందుకు వచ్చేవి) కలిపి 1088 పాయింట్లు, అంటే మ్యాచుకి ఒకటికి పైనే. 2002లో సాల్ట్ లేక్ సిటీలో కెనడాకి యాభై ఏళ్ళ తర్వాత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఇంకేం కావాలండీ?

హాల్ నిబంధనల్లో ఆట ప్రతిభతో పాటు నడవడిక అనే మాట కూడా ఉంది. చాలామంది వేలు చూపించేది అక్కడే. మందు, డ్రగ్స్ గొడవల్లో ఫ్లూరీ సస్పెండ్ అయ్యాడు, నిజమే. కానీ జూనియర్ రోజుల్లో తన కోచే తన మీద లైంగిక హింస చేశాడని ఆయన తర్వాత బయటపెట్టాడు, ఆ కోచ్ కోర్టులో నేరం ఒప్పుకొని జైలుకి వెళ్ళాడు. ఆ బరువు మోస్తూ వెయ్యి మ్యాచులు ఆడినవాణ్ణి నడవడిక బాగాలేదని పక్కన పెట్టారనే అనుమానమే నిజమైతే, ఆ మాటకి అర్థం ఏమిటో కమిటీ మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

ప్రశ్న: హాకీ అంటే ధ్యాన్‌చంద్ అనుకునేవాళ్ళం. ఈ మంచు మీద ఆట గురించి తెలుగు పత్రికలో ఇంత చర్చ అవసరమా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం టొరంటో, డాలస్, ఎడ్మంటన్‌ల నుంచే వచ్చాయండీ. రాసేవాళ్ళూ మనవాళ్ళే, చదివేవాళ్ళూ మనవాళ్ళే. ధ్యాన్‌చంద్ దగ్గరికి చివర్లో వస్తాను, పేజీ తిప్పేయకండి.

ప్రశ్న: ఇంత రాజకీయం ఎందుకు? వెయ్యి పాయింట్లు దాటితే లోపలికి, లేకపోతే బయటికి అని గీత గీసేస్తే పోలా?
– డాలస్ పాఠకుడు

జవాబు: గీత గీయడం తేలికే, దాని మీద నిలబడటమే కష్టం. బెర్నీ నికల్స్‌కి 1209 పాయింట్లున్నాయి. 1988–89లో ఒక్క సీజన్లోనే 70 గోల్స్ కొట్టాడు. అయితే ఈ ఆటలో మేటి గ్రెట్జ్‌కీ, నికల్స్ ఆడే లాస్ ఏంజెలెస్ జట్టులోకి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే, పైగా అవి గోల్స్ వానలా కురిసిన రోజులు. ఇటు పాట్రిక్ ఎలియాష్‌ని చూడండి, 1025 పాయింట్లే. కానీ ఆయన ఆడింది న్యూజెర్సీకి, అంటే ముందు మన గోల్ కాచుకుందాం, కొట్టడం తర్వాత చూద్దాం అనే జట్టుకి, అదీ లీగ్ మొత్తంలో గోల్స్ కరువైన కాలంలో. రెండు కప్పులు గెలిచాడు. ఈ రెండు లెక్కల్నీ ఒకే తక్కెడలో వేస్తే ఎలియాష్‌కి అన్యాయం జరుగుతుంది.

గోల్‌కీపర్లకైతే పాయింట్ల గీత పనికే రాదు. కర్టిస్ జోసెఫ్ 454 మ్యాచులు గెలిపించాడు, 2023లో హాల్‌లోకి వెళ్ళిన మైక్ వెర్నన్ గెలుపులు 385, టామ్ బరాసోవి 369. తేడా ఏమిటయ్యా అంటే, వాళ్ళిద్దరికీ రెండేసి కప్పులున్నాయి, జోసెఫ్‌కి ఒక్కటీ లేదు. ఇరవై మంది కలిసి గెలవాల్సిన కప్పు లేదని ఒక్కడి ఖాతాలో కోత పెట్టడం నాకు నచ్చదు.

అలాగని అంకెలు ఉత్తవనీ అనను. అలెగ్జాండర్ మొగిల్నీ 1992–93లో 77 మ్యాచుల్లో 76 గోల్స్ కొట్టాడు. అంతకుముందు 1989లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ అయిపోగానే, ఇరవై ఏళ్ళ వయసులో, సోవియట్ జట్టుని వదిలేసి అమెరికా విమానం ఎక్కినవాడు. పట్టుబడితే ఏమవుతుందో ఊహించుకోండి. అలాంటివాణ్ణి, అర్హత వచ్చిన 2009 నుంచి గుమ్మంలో నిలబెట్టి, 2025లో లోపలికి పిలిచారు. ఆ పదహారేళ్ళలో ఆయన ఒక్క గోల్ కూడా అదనంగా కొట్టలేదు కదా, మరి మారిందేమిటి? గదిలో కూర్చున్నవాళ్ళ మనసు, అంతే.

నన్ను ఓటెయ్యమంటే మొదటిది ఫ్లూరీకి. రెండోది రాడ్ బ్రిండమోర్‌కి, ఎందుకంటే 1184 పాయింట్లతో పాటు, దాడిలో ఆడుతూనే గోల్ కాచే పని బాగా చేసేవాళ్ళకిచ్చే సెల్కీ ట్రోఫీ రెండుసార్లు తెచ్చుకున్నాడు, 2006లో కరోలినాకి కప్పు తెచ్చిన కెప్టెన్ కూడా. మూడోది ఎలియాష్‌కి. నాలుగో గడి జోసెఫ్‌కి ఇవ్వాలా, ఖాళీగా వదలాలా అని నాలో నాకే తగాదా. పాట్రిక్ మార్లో అభిమానులు నన్ను తిట్టుకోకండి. 1779 మ్యాచులు ఆడటం మామూలు రికార్డు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇన్నేళ్ళలో ఫలానా ఏడాది లీగ్ మొత్తంలో ఈయనే మొనగాడు అని చెప్పుకునే ఏడాది నాకు కనపడదు. కొన్నాళ్ళు ఆగితే నష్టం లేదు.

ప్రశ్న: 1972లో మాస్కోలో చివరి గోల్ కొట్టిన పాల్ హెండర్సన్ కూడా హాల్‌లో లేడట. ఇక్కడి పెద్దవాళ్ళు ఆ రోజు గురించి చెబుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఇదేం అన్యాయం?
– ఎడ్మంటన్ పాఠకురాలు

జవాబు: సోవియట్ జట్టుతో కెనడా ఆడిన ఎనిమిది మ్యాచుల సిరీస్, చివరి మ్యాచులో 34 సెకన్లు మిగిలుండగా గోల్. అంతకుముందు రెండు మ్యాచుల్లో కూడా గెలుపు గోల్ ఆయనదే. ఇంతా చెప్పి, నా ఓటు మాత్రం వెయ్యనండి. లీగ్‌లో 707 మ్యాచుల్లో 236 గోల్స్, మంచి ఆటగాడు, అంతవరకే. ఆ పక్‌నీ (బంతి బదులు వాడే బిళ్ళ) ఆ వీడియోనీ హాల్‌లో పెట్టి రోజంతా చూపించమనండి, నేనూ నిలబడి చూస్తాను. ఆటగాడి ఫలకం వేరే సంగతి.

ప్రశ్న: మా అమ్మాయి కూడా రింక్‌కి వెళ్తోంది. ఆడవాళ్ళకి ఈ హాల్‌లో చోటు ఎంత?
– బ్రాంప్టన్ పాఠకురాలు

జవాబు: చాలా ఆలస్యంగా వచ్చింది, ఇంకా తక్కువే. మొదటిసారి 2010లో ఏంజెలా జేమ్స్, క్యామీ గ్రనాటోలను తీసుకున్నారు. ఆ తర్వాత 2011, 2012, 2014, 2016లలో ఒక్కరికీ ఇవ్వలేదు. ఏడాదికి రెండు కుర్చీలు వేసి, రెండూ నింపింది మళ్ళీ 2024లోనే. అర్హులు లేక కాదు. నాలుగు ఒలింపిక్స్ ఆడి మూడు రజతాలు, ఒక కాంస్యం తెచ్చిన అమెరికా క్రీడాకారిణి జూలీ చూ 2025 జాబితా దాకా లోపల లేదు.

మీ అమ్మాయిని ఒకసారి తీసుకెళ్ళండి. పైఅంతస్తులో రంగుటద్దాల గుమ్మటం కింద స్టాన్లీ కప్పు ఉంటుంది, చుట్టూ గాజు ఫలకాల మీద పేర్లు. పక్కనే బ్యాంకువాళ్ళ పాత ఇనప గది, మందపాటి తలుపుతో సహా, అలాగే ఉంది. అందులో స్టాన్లీ కప్పు 1892 నాటి అసలు గిన్నె పెట్టారు, బంగాళాదుంప కూర వండుకునే గిన్నె అంతే ఉంటుంది, నమ్మండి. నేను వెళ్ళినప్పుడు ఎనిమిదేళ్ళ కుర్రాడొకడు చేతులు వెనక్కి కట్టుకుని కప్పు పక్కన ఫొటో దిగాడు. గెలవకముందే ముట్టుకుంటే ఇక రాదని ఆటగాళ్ళ నమ్మకం. వాళ్ళ నాన్న మాత్రం రెండు చేతులా పట్టుకున్నాడు, ఆయన ఆశలు అయిపోయినట్టున్నాయి.

ప్రశ్న: మన హాకీకి అలాంటి హాల్ కడితే మొదట ఎవరిని పెడతారు?
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: ధ్యాన్‌చంద్‌ని అడగక్కర్లేదు, తలుపు మీదే ఆయన పేరుంటుంది. చర్చ మొదలయ్యేది ఆయన తర్వాతే. నేను శంకర్ లక్ష్మణ్‌తో మొదలెడతాను. 1956లో, 1964లో స్వర్ణాలు, మధ్యలో రజతం. టోక్యో ఫైనల్లో పాకిస్తాన్ మీద 1–0తో గెలిచామంటే ఆ సున్నా ఆయనది. గోల్‌కీపర్ అయ్యుండి దేశానికి కెప్టెన్సీ చేసి 1966 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. 2006లో మహూలో పేదరికంలోనే పోయాడు. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ పేరు కూడా రాసుకోండి, 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడాడు. పతకం రాని రోజుల్లో ఆడటం ఆయన తప్పు కాదు.

ఇక బల్బీర్ సింగ్ సీనియర్, మూడు ఒలింపిక్ స్వర్ణాలు, 1952 ఫైనల్లో నెదర్లాండ్స్ మీద ఒక్కడే ఐదు గోల్స్. ఆయన 1985లో, క్రీడల మ్యూజియం కడతామంటే, తన పతకాలు, ఫొటోలు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో వేసుకున్న కెప్టెన్ బ్లేజరు తీసుకెళ్ళి స్పోర్ట్స్ అథారిటీకి ఇచ్చేశాడు. మ్యూజియం రాలేదు. ఇచ్చినవి ఏమయ్యాయని తర్వాత అడిగితే కనపడలేదన్నారు. 2020లో ఆయన పోయేదాకా కుటుంబం అడుగుతూనే ఉంది. ఆ బ్లేజరు ఎక్కడైనా దొరికితే మొదటి గాజు బీరువా దానికే ఇవ్వాలి. తాళం మాత్రం టొరంటో బ్యాంకుది అయితే మేలు.